క్రోయిక్ చర్చి కోసం ప్రత్యేక కానుక

క్రీస్తు నందు ప్రియమైన సంఘస్తులందరికీ వందనాలు.

మొన్న మేలో కమిటీ తరఫున కొందరం స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న క్రోయిక్ వెళ్లొచ్చాం. ఆర్డ్‌గై నుంచి సన్నటి దారిలో సుమారు పది మైళ్లు. ఊరంటే ఊరు కాదు, విసిరేసినట్టున్న కొద్దిపాటి ఇళ్లు, ఒక చర్చి. 1823 నాటి చట్టం కింద ప్రభుత్వం ఇచ్చిన 50,000 పౌండ్లతో, ఇంజనీరు థామస్ టెల్‌ఫోర్డ్ పర్యవేక్షణలో లేచిన 32 చర్చిల్లో ఇదొకటి. 1827లో కట్టారు.

మేం ఎక్కువసేపు నిలబడిపోయింది బయట, తూర్పు కిటికీ దగ్గర.

1845లో పక్కనున్న గ్లెన్‌కాల్వీ లోయలో తరతరాలుగా సాగు చేసుకుంటున్న 18 కుటుంబాలను గొర్రెల మందల కోసం ఖాళీ చేయించారు. పోయే చోటు లేక ముసలివాళ్లు, చంటిపిల్లలతో సహా వాళ్లు ఈ చర్చి ఆవరణలోనే, సమాధుల పక్కన కర్రలు పాతి, దుప్పట్లు కప్పి తలదాచుకున్నారు. లండన్ నుంచి టైమ్స్ పత్రిక విలేకరి వచ్చి చూసి రాశాడు. ఆ కిటికీ అద్దాల మీద గీకిన మాటలు ఇప్పటికీ చదవొచ్చు. 1845 మే 24న గ్లెన్‌కాల్వీ జనం ఇక్కడున్నారని ఒకచోట. ఇంకోచోట, "గ్లెన్‌కాల్వీ ప్రజలు, చెడ్డ తరం" అని. ఇల్లూ పొలమూ పోగొట్టుకుని, పాపం కూడా తమదేననుకున్నారేమో! అది చదివాక మాలో ఎవరికీ మాట రాలేదు.

వాళ్ల భాష గేలిక్. రాసింది మాత్రం ఇంగ్లిషులో. ఇంట్లో తెలుగు, అర్జీకి ఇంగ్లిషు అయిన మనకు ఆ బాధ కొత్తది కాదు.

గాజు పలక మీది గీతలకు ఆ గోడా ఆ కప్పూ తప్ప వేరే కాపు లేదు. దాదాపు 200 ఏళ్ల కట్టడానికి పైకప్పు పలకలు, వాన గొట్టాలు, కిటికీ చెక్కలు ఏటా చూసుకోవాల్సిందే. అందుకే వచ్చే రెండు ఆదివారాల ప్రత్యేక కానుకను పూర్తిగా ఆ చర్చి నిర్వహణకు పంపాలని కమిటీ తీర్మానించింది. కవరు మీద "క్రోయిక్" అని రాయండి. ఇక్కడ బ్రిటన్‌లో పన్ను కట్టేవారు గిఫ్ట్ ఎయిడ్ (కానుక మీద మీరు కట్టిన పన్నును ప్రభుత్వం కానుకకు కలిపే పథకం) ఫారం కూడా నింపితే, మీ ప్రతి పౌండుకు మరో 25 పెన్నీలు కలుస్తాయి. ఐదు పౌండ్లయినా సరే, టెన్షన్ పడకండి, ప్రభువు ప్రేరేపించినంత ఇవ్వండి. వచ్చిన మొత్తం, పంపిన రసీదు నోటీసు బోర్డులో పెడతాం.

ప్రభువు ప్రేమలో,
సంఘ కమిటీ