అసెంబ్లీలో కూర్చోబెట్టారు, బడి కమిటీలో ఎందుకు కూర్చోబెట్టరు?

సంపాదకులకు,

2025 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం నాడు అమరావతిలో జరిగిన విద్యార్థుల మాక్ అసెంబ్లీ (నమూనా శాసనసభ) వార్త, ఫొటోలు మీ పత్రికలో చూశాను. నియోజకవర్గానికి ఒకరు చొప్పున 175 మంది పిల్లలు. వాళ్లు మాట్లాడిన తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. రాయడం ఆలస్యమైంది కానీ, అప్పటి నుంచీ ఒకటే ఆలోచన. శాసనసభలో మాట్లాడే తెలివి ఉందని మనం చప్పట్లు కొట్టిన ఈ పిల్లలను, వాళ్లు చదివే బడి గురించి మాత్రం ఎవరూ ఎందుకు అడగరు?

మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. ఆ బడి యాజమాన్య కమిటీ సమావేశాలకు నేను వెళ్తుంటాను. తీర్మానాలు ముందే రాసి ఉంటాయి, మాతో సంతకాలు పెట్టించుకుంటారు, టీ ఇచ్చి పంపేస్తారు. ఆడపిల్లల బాత్రూం తలుపులకు గడియలు లేవనీ, ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతున్నాయనీ అక్కడ ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి చెప్పింది. బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని చాలామంది ఆడపిల్లలు సాయంత్రం దాకా మంచినీళ్లే తాగరట. నెలసరి రోజుల్లో బడి మానేసేవాళ్లూ ఉన్నారు. ఈ మాట పదిమంది మగవాళ్లున్న సమావేశంలో ఏ తండ్రి లేవనెత్తుతాడు?

అధికారి తనిఖీకి వస్తున్నారంటే ముందు రోజే కబురు అందుతుంది. ఆ ఒక్కరోజూ బ్లీచింగ్ వాసన, ముగ్గు గీతలు, భోజనంలో చిక్కటి పప్పు. వచ్చినవారు హెచ్‌ఎం గదిలో కూర్చుని రిజిస్టర్లు చూసి వెళ్లిపోతారు. మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని 2024 దాకా టీచర్ల నెత్తిన పెట్టారు. పాఠం చెప్పాల్సిన మనిషి చేత ఈ పని చేయించడమే తప్పు. పైగా గడియ లేదన్న సంగతి ఫొటోలో ఎలా తెలుస్తుంది? పై నుంచి కింది దాకా అందరికీ కాగితం సరిగ్గా ఉంటే చాలు. మండలంలో ఏ ఆఫీసుకు వెళ్లినా ఇదే తంతు.

ఇక డబ్బు సంగతి. రాష్ట్ర ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద 2025లో ఒక్కో విద్యార్థికి రూ.15,000 అని ప్రకటించి, తల్లి ఖాతాలో రూ.13,000 వేసి, రూ.2,000 బడి నిర్వహణకు ఉంచుకున్నారు. మంచి పనికే కదా అని ఊరుకున్నాం. మా బడిలో ఆ డబ్బుతో ఏం చేశారో నోటీసు బోర్డు మీద రాసింది లేదు. పిల్లల పేరున పట్టుకున్న డబ్బుకు లెక్క అడిగే హక్కు పిల్లలకు లేదా?

చట్టం అడ్డు రావడం లేదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో మిగతా స్థానాల్లో కొన్నిటికి స్థానిక విద్యావేత్తలతో పాటు బడి పిల్లలను కూడా తీసుకోవచ్చని ఉంది. మన దగ్గర పిల్లల నాయకత్వం అంటే స్వపరిపాలన దినోత్సవమే. ఆ రోజు అమ్మాయిలు చీరలు కట్టుకుని టీచర్లవుతారు, ఒకరు డీఈఓ (జిల్లా విద్యాధికారి) అవుతారు, గ్రూప్ ఫొటో దిగుతారు. మర్నాడు బెంచీ విరిగిందని చెబితే నీకెందుకు, చదువుకో అంటారు.

కేరళలో 2018 నుంచి లిటిల్ కైట్స్ క్లబ్బుల పేరుతో హైస్కూలు పిల్లలే బడిలో కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు బాగోగులు చూసుకుంటున్నారు. అమ్మలకు సైబర్ భద్రత కూడా నేర్పారు. మా బడిలో గత ప్రభుత్వ నాడు-నేడు పథకం కింద వచ్చిన డిజిటల్ ప్యానెల్ పాడై, గుడ్డ కప్పి మూలన ఉంది. కర్ణాటకలో పంచాయతీలు మక్కళ గ్రామసభలు, అంటే పిల్లల గ్రామసభలు పెట్టి పిల్లల సమస్యలు పిల్లల నోటే వింటున్నాయి. మన పిల్లలు వాళ్లకంటే ఎందులో తక్కువ?

పదో తరగతి వాళ్లకు పరీక్షల టెన్షన్ ఉంటుంది, నిజమే. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లను తీసుకోండి. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, పిల్లలే రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. హెచ్‌ఎం చెప్పిన మంచి పిల్లలు వద్దు. తనిఖీకి వచ్చిన అధికారి టీచర్లు లేకుండా వాళ్లతో పావుగంట మాట్లాడాలి. మాట్లాడినందుకు మార్కుల్లో కక్ష తీర్చుకోకుండా రక్షణ ఉండాలి. 2024 ఆగస్టులో ఎన్నికైన కమిటీల రెండేళ్ల గడువు 2026 ఆగస్టు దాకా. కొత్త ఎన్నికల ఉత్తర్వులోనే ఈ రెండు స్థానాల సంగతి రాయమని విద్యాశాఖను అడుగుతున్నాను. ఆడపిల్లల బాత్రూం గడియల కోసం మాత్రం ఆ ఎన్నికల దాకా ఆగలేం.

— ఒక విద్యార్థిని తల్లి, పల్నాడు జిల్లా