ఆదివారం ర్యాంప్ పని: పర్లాకిమిడి సభ్యులు తప్పక చదవండి

అందరికీ నమస్కారం. ఆదివారం మన లైబ్రరీ గుమ్మం దగ్గర వీల్‌చైర్ ఎక్కేందుకు ర్యాంప్ (వాలు దారి) కడుతున్నాం. లైబ్రరీ గుమ్మం నేలకి 18 అంగుళాల ఎత్తు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు లెక్కన ర్యాంప్ 18 అడుగులు రావాలి. "సగం చాలు, వెనకాల ఎవరో తోస్తారులే" అని మేస్త్రి అంటే దయచేసి ఒప్పుకోవద్దు. సగానికి తగ్గిస్తే వీల్‌చైర్ వెనక్కి తిరగబడొచ్చు, పైగా మనిషి ఎవరి సాయం లేకుండా ఎక్కడానికే కదా ఇదంతా! తిన్నగా అంత జాగా లేదు గనక మధ్యలో మలుపు, అక్కడ 5×5 అడుగుల చదును. వెడల్పు 4 అడుగులు.

సిమెంటు, ఇసుక, 20 ఎం.ఎం. పిక్క (కంకర) 1:1.5:3 పాళ్లలో. నున్నగా పాలిష్ చెయ్యొద్దు, టైల్స్ అసలే వద్దు, వానకి జారతాయి. పచ్చిగా ఉండగానే కొబ్బరి ఈనెల చీపురుతో అడ్డంగా గీతలు లాగండి. వారం రోజులు తడి గోనెసంచులు కప్పాలి.

ఎక్కువమంది మరిచిపోయేది కింది అంచు. రోడ్డుకీ ర్యాంప్‌కీ మధ్య అరంగుళం గట్టు మిగిలినా ముందు చిన్న చక్రాలు అక్కడే తన్ని ఆగుతాయి, కూర్చున్నవాళ్లు ముందుకి పడతారు. చేత్తో తడిమి చూడండి.

పట్టుకునే పైపులు రెండు వరసలు, 76, 90 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు వైపులా.

లెవెల్ పైపు, తాపీలు ఎవరి దగ్గరున్నాయో చెప్పండి.