భోగి తెల్లవారుజామున మమ్మల్ని కారులోంచి బయటకు తీసిన వాళ్ళకి

2025 జనవరి 13, భోగి రోజు. తెల్లవారుజామున నాలుగున్నర దాటింది. రణస్థలం దాటాక శ్రీకాకుళం వైపు వెళ్ళే హైవే పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన ఎర్ర కారు మాదే. ఆ చీకట్లో పరుగెత్తుకొచ్చిన వాళ్ళలో ఒక్కరు తప్ప మిగతా ఎవరి పేర్లూ నాకు తెలియవు. ఇంటింటికీ వెళ్ళి దణ్ణం పెట్టాలని ఉన్నా ఏ ఇల్లో తెలియదు. అందుకే అందరూ చూసే చోట రాస్తున్నాను. చాలా ఆలస్యమైంది, మన్నించండి. కుడిచెయ్యి స్వాధీనంలోకి రావడానికే నాలుగు నెలలు పట్టింది, మిగతా ఆలస్యం సిగ్గువల్ల.

సిగ్గు ఎందుకంటే, ఆ యాక్సిడెంట్‌లో తప్పు లారీది కాదు. నాది.

కారూ లారీ గుద్దుకుంటే లారీవాడిదే తప్పు అనేయడం మనకి అలవాటు. నన్ను చూడ్డానికి వచ్చిన చుట్టాలు కూడా అదే అన్నారు. "రోడ్డు మీద బండి ఆపేసి ఉంటాడు వెధవ" అని ఒకాయన ఆపిల్ పళ్ళు మంచం పక్కన పెడుతూ తిట్టాడు. నిజం ఏమిటంటే ఆ లారీ టైరు పంక్చరై, తెల్లగీత బయట, ఎడమ అంచున ఆగి ఉంది. పార్కింగ్ లైట్లు వెలుగుతున్నాయి. వెనక ఎర్ర త్రికోణం పెట్టి, అది చాలదన్నట్టు సరుగుడు కొమ్మలు తెచ్చి రోడ్డు మీద వేశారు. డ్రైవరు, క్లీనరు ముందు వైపు స్టెప్నీ మారుస్తున్నారు. ఒక మనిషి చెయ్యగలిగిందంతా ఆయన చేశాడు. నేను ఆ కొమ్మల మీదుగా, నిద్రలో, తొంభై స్పీడులో వెళ్ళాను.

ముందురోజు ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి హైదరాబాద్‌లో బయలుదేరాం. నేను, మా ఆవిడ, అమ్మ, తొమ్మిదేళ్ళ పాప. సంక్రాంతికి ఆ రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, విజయవాడ చేరేసరికే రాత్రయింది. రాజమండ్రి దగ్గర మా ఆవిడ "ఏవండీ, ఇక్కడ లాడ్జిలో పడుకుని పొద్దున్న పోదాం" అంది. భోగిమంట వేళకి నరసన్నపేట అవతల మా ఊళ్ళో ఉండాలని నా పంతం. దారిలో ఒకచోట పోలీసులు బండ్లాపి ముఖాలు కడిగిస్తున్నారు. కడుక్కున్నాను, టీ తాగాను. అది పావుగంట పనిచేసింది. అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా వేసిన కొత్త రోడ్డు నున్నగా, గతుకన్నది లేకుండా ఉంది. నిద్రొచ్చేవాడికి అంత మంచి రోడ్డు మంచిది కాదు. భోగాపురం దగ్గర కిటికీ దించాను, పూసపాటిరేగ దగ్గర పాటల సౌండు పెంచాను. ఇవన్నీ చేస్తున్నానంటేనే ఆగిపోవాలని అర్థం. అది అప్పుడు తట్టలేదు.

ముందురోజు పొద్దున్న ఆరింటికి లేచినవాణ్ణి. అంటే ఇరవై రెండు గంటలు దాటింది. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి డ్రైవింగు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి డ్రైవింగుతో సమానమని పరిశోధకులు తేల్చారట. మన చట్టం తాగి నడిపేవాడికి పెట్టిన హద్దు 0.03. చుక్క ముట్టనని బంధువుల్లో గొప్పలు చెప్పుకునే నేను, ఆ లెక్కన తాగుబోతు కంటే అన్యాయంగా నడుపుతున్నాను. తొంభై స్పీడులో బండి సెకనుకి ఇరవై అయిదు మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప పడితే వంద మీటర్లు. ఆ వంద మీటర్లూ కారుని ఎవరూ నడపలేదు.

ఇది నాకు మొదటి యాక్సిడెంట్ కూడా కాదు. ఏడేళ్ళ కిందట ఒక పెళ్ళి నుంచి వస్తుంటే రాజాం, చీపురుపల్లి మధ్య వాన నీళ్ళ మీద మా స్నేహితుడి కారు జారి పొలంలో బోల్తా పడింది. వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న నాకు కనుబొమ మీద అయిదు కుట్లతో సరిపోయింది. "పైడితల్లమ్మ కాపాడింది" అని అందరూ అన్నారు. నేనూ విజయనగరం వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. దాన్నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే, నాకేం కాదు అని. బతికి బయటపడటం అంత చెడ్డ పాఠం చెబుతుందని అప్పుడు తెలియదు.

రోడ్డు అంచు దిగిన కుదుపుకి మా ఆవిడ లేచి అరిచింది. బ్రేకు తొక్కి కుడికి తిప్పాను. ఎడమ వైపు ముందు భాగం లారీ వెనక మూలకి తగిలింది. లారీ వెనక అడ్డంగా ఇనుప కమ్మీ ఉంటుంది చూశారా, దాన్ని నేనెప్పుడూ అలంకారం అనుకునేవాణ్ణి. అది గట్టిగా ఉండబట్టే కారు లారీ కిందకి దూరలేదు. దూరి ఉంటే మా ఆవిడ తల ఎత్తుకి లారీ చెక్క వచ్చేది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది.

ఇక మీ సంగతి.

మొదట వచ్చింది లారీ డ్రైవరు. గుద్దినవాడు కారువాడైనా జనం వచ్చి కొట్టేది తననే అని తెలిసి కూడా పారిపోలేదు. కారు తాళం తిప్పి ఇంజను ఆపాడు. నా తల రెండు చేతుల మధ్య పట్టుకుని, "మెడ తిప్పకు బావూ. కళ్ళు ముయ్యకు. నీ పేరేటి? ఊరేటి? పాపకేటీ అవ్వనేదు, ఏడుత్తంది, ఏడుత్తందంటే బాగుందన్నమాటే" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు ఊపిరి తిరిగింది. 108కి ఫోన్ చేసింది క్లీనరు కుర్రాడు. ఏ ఊరి దగ్గర, ఏ వైపు, ఎంతమంది అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

భోగిమంటకి లేచి ఉన్నారు కాబట్టి పక్క ఊరి వాళ్ళు అయిదు నిమిషాల్లో వచ్చేశారు. మా ఆవిడ కాలు డాష్‌బోర్డు కింద ఇరుక్కుంది. నలుగురు చేతులు పట్టి లాగబోతే, మఫ్లర్ కట్టుకున్న ఒక కుర్రాడు "లాగొద్దు, లాగొద్దు" అని అందర్నీ ఆపాడు. వంగి సీటు కింద లివరు ఎత్తి, సీటుని వెనక్కి జరిపాడు. అంతే, కాలు వచ్చేసింది. లాగి ఉంటే ఆ మడమ మిగిలేది కాదని తర్వాత ఎముకల డాక్టరు అన్నారు. పేరు అడిగితే "ఎందుకండీ, మళ్ళీ స్టేషనూ అదీ" అని జనంలో కలిసిపోయాడట. తమ్ముడూ, నువ్వు ఇది చదివితే ఒక సంగతి తెలుసుకో. సాయం చేసినవాణ్ణి పేరు చెప్పమని గానీ, సాక్షిగా రమ్మని గానీ బలవంతపెట్టకూడదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను కూడా చేర్చారు. నీకేం ఇబ్బంది రాదు.

పాపని ఒక మామ్మగారు శాలువాలో చుట్టి భోగిమంట దగ్గరకి తీసుకెళ్ళారు. వాళ్ళ మనవడి కోసం గుచ్చిన పిడకల దండ దీని మెడలో వేసి, మంటలో వేయించారట. అంబులెన్సు వచ్చేదాకా రక్తం, గాజు ముక్కలు ఏవీ దాని కంట పడనివ్వలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆ రోజు గురించి అడిగితే పాప ముందు చెప్పేది పిడకల దండ సంగతే. మామ్మగారూ, దీనికి థాంక్స్ ఎలా చెబుతారో నాకు చేతకావడం లేదు.

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో మూడు తులాల గొలుసు, పండగ ఖర్చుకి తెచ్చిన డబ్బు ఉన్నాయి. పొద్దున్న ఎనిమిదింటికి విజయనగరం నుంచి మా బావమరిది వచ్చేసరికి ఆ బ్యాగు, నాలుగు ఫోన్లు, అరిసెల డబ్బాతో సహా ఒక టీ కొట్టులో భద్రంగా ఉన్నాయి. టీ కొట్టు ఆయన మా బావమరిదికి టీ ఇచ్చి డబ్బులు కూడా తీసుకోలేదు.

108 సిబ్బందికి, పండగ పూట డ్యూటీలో ఉన్న శ్రీకాకుళం రిమ్స్ ఎమర్జెన్సీ డాక్టర్లకి, నర్సమ్మలకి, స్ట్రెచర్ తోసిన వాళ్ళకి మా నమస్కారాలు. అమ్మకి ముంజేయి, మెడకింద ఎముక విరిగి రాడ్డు వేశారు. మా ఆవిడకి మడమ, రెండు పక్కటెముకలు. నాకు కుడిచెయ్యి. పాపకి భుజం మీద బెల్టు ఒరిసిన ఎర్రటి చార తప్ప ఏమీ లేదు. స్కూల్లో చెప్పారని అది బెల్టు పెట్టుకుంది. అమ్మ వైపు బెల్టు బకిల్ నేను మోజుపడి వేయించిన సీటు కవరు కింద ఉండిపోయింది. వెనక సీట్లో కూడా బెల్టు తప్పనిసరని, లేకపోతే వెయ్యి రూపాయల ఫైను అని తెలిసి కూడా కవరుకి చిన్న కన్నం చేయించలేదు. కారు ఆగింది, అమ్మ ఆగలేదు. వెళ్ళి ముందు సీటుని గుద్దింది. మా ఆవిడ పక్కటెముకలు విరిగింది అందుకే. పదేళ్ళలో కోడల్ని ఒక్క మాట అనని అత్తగారు ఒక్క దెబ్బకి బాకీ తీర్చుకుందని మా ఆవిడ మంచం మీదే నవ్వబోయి నొప్పితో ఆగిపోయేది. అమ్మ మాత్రం ఆ మాటకి ఇప్పటికీ నవ్వదు.

డ్రైవరు మావయ్య గురించి ఇంకా చెప్పాలి. టెక్కలి గ్రానైటు రాళ్ళు విశాఖలో దించి ఖాళీ లారీతో పండక్కి ఇంటికి పోతున్నాడు. బండి పరీక్ష, కాగితాలు పూర్తయ్యేసరికి ఆయనకి భోగీ సంక్రాంతీ రెండూ స్టేషన్ బయట చెట్టు కిందే అయిపోయాయి. కనుమ నాడు తలకి కట్టుతో వెళ్ళి, తప్పు నాదేనని రాసి సంతకం పెట్టాను. ఎడమ చేత్తో. ఇన్సూరెన్సు పోతుందేమోనని మా బావమరిది గొణిగాడు, పోలేదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "నువ్వు తాగినేదు, నాకు తెలుసు బావూ. తొంగున్నావు. నువ్వు బ్రేకేసిన గీత బారెడు నేదు" అన్నాడు. తర్వాత నిదానంగా, "మొదటి ఆవలింతకి టీ కొట్టు ఎతుక్కో. రెండో ఆవలింతకి మంచం ఎతుక్కో. మూడోది రానిస్తే డ్రైవరువి కాదు" అన్నాడు. ఈ రోడ్డు సంగతి మా జిల్లాలో తెలియనిదెవరికి? 2012 నవంబరు 2న కేంద్ర మాజీ మంత్రి ఎర్రన్నాయుడు గారు పోయింది కూడా ఈ రణస్థలం దగ్గరే. అర్ధరాత్రి దాటాక, విశాఖలో పెళ్ళికి వెళ్ళి వస్తూ, కారు ఆయిల్ ట్యాంకరుని గుద్దుకుని. మావయ్య ఆ పేరు ఎత్తి, "ఆరికే తప్పనేదు" అని ఊరుకున్నాడు.

అప్పటి నుంచి నెలకి రెండుసార్లైనా ఫోన్ చేస్తాను. ముప్ఫై ఏళ్ళు స్టీరింగు పట్టిన మనిషి. నా ప్రశ్నలకి ఆయన నవ్వుకుంటాడు. ముందు బండికి ఎంత దూరం ఉండాలి అంటే, "అది ఒక స్తంభం దాటినప్పుడు మొదలెట్టి సూర్నారాయణమూర్తీ, సూర్నారాయణమూర్తీ, సూర్నారాయణమూర్తీ అని మూడుసార్లు అను. ఈలోగా నువ్వు ఆ స్తంభం దాటేవా, దగ్గరగా ఉన్నట్టు" అన్నాడు. గడియారం పెట్టి చూశాను, మూడు సెకన్ల పైనే. వాన పడితే అరసవల్లి దేవుణ్ణి అయిదుసార్లు తలుచుకోమన్నాడు. ఇంకోసారి, "నా లారీ అద్దంలో నా మొహం నీకు కనబడకపోతే నువ్వు నాకు నేవు" అన్నాడు. లారీ పక్కన నింపాదిగా వెళ్ళే అలవాటు ఆ రోజుతో పోయింది.

కోలుకున్నాక విజయనగరంలో అత్తవారింట్లో ఉన్నప్పుడు, రిటైరైన ఆర్టీసీ డ్రైవరు ఒకాయన నాకు పది రోజులు మళ్ళీ నేర్పారు. పన్నెండేళ్ళుగా లైసెన్సు ఉన్నవాడికి నేర్పడమేమిటని మొదట ఆయనకే మొహమాటం. ఖాళీ గ్రౌండులో నలభై స్పీడులో పోనిచ్చి "ఇప్పుడు తొక్కు" అన్నారు. తొక్కాను. పెడల్ కాలి కింద గడగడ కొట్టుకుంటే భయపడి కాలు తీసేశాను. "అదే ఏబీఎస్, చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది. అలా కొట్టుకుంటున్నంతసేపూ కాలు తియ్యకు, తొక్కిపట్టి పక్కకి తిప్పు" అని అరిచారు. పన్నెండేళ్ళలో బ్రేకుని పూర్తిగా తొక్కడం అదే మొదటిసారి. భోగి రోజు కూడా సగమే తొక్కి ఉంటాను.

ఇప్పుడు రాత్రి పదకొండు నుంచి పొద్దున్న అయిదు వరకు కారు తియ్యను. టైరు పక్కన చెక్కిన నాలుగంకెలు, అంటే తయారైన వారం, ఏడాది, చూసి మార్పించాను. సీటు కవర్లు తీసేశాను. అమ్మ బెల్టు పెట్టుకుని, "ఊపిరాడట్లేదురా" అని ప్రతిసారీ అంటుంది. మా ఆవిడ వెనక్కి తిరిగి తన పక్కటెముకల మీద చెయ్యి వేసుకుంటుంది. అమ్మ ఊరుకుంటుంది.

ఈసారి సంక్రాంతికి ట్రైన్‌లో వస్తున్నాం. పండక్కి రెండురోజుల ముందే దిగి, పగటిపూట ఆ ఊరికి వస్తాం. డ్రైవరు మావయ్య ఇంటికి, మామ్మగారి ఇంటికి, టీ కొట్టుకి దారి కనుక్కున్నాం. సీటు లివరు ఎత్తిన ఆ కుర్రాడి జాడే దొరకలేదు. ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, పేరు వద్దనుకుంటే ఆ టీ కొట్టులో చెప్పినా చాలు. అమ్మ అతనికి బట్టలు పెట్టాలంటోంది. చొక్కా కొందామంటే కొలత తెలియదు. చివరికి పంచె, కండువా కొంది, పంచెకి కొలతతో పనేముందిరా అని.