రాత్రి ఎనిమిదింటి మీటింగుకు వచ్చిన అమ్మలందరికీ

అందరికీ నమస్కారం. నేను జగిత్యాల జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని. 2025 జూన్ 12న బడి తెరిచాం. నెలాఖరుకు మా హాజరు పట్టీలో 47 మంది పిల్లల పేర్లు ఉన్నాయి. రెండేళ్ల కింద ఇదే పట్టీలో 19 పేర్లు ఉండేవి. పెరిగిన ఆ 28 పేర్ల వెనక ఎవరెవరి కష్టం ఉందో చెప్పాలని ఇది రాస్తున్నాను. ఊళ్లో ఉన్నవాళ్లకైతే ఇంటికి వచ్చి దండం పెట్టి చెప్పగలను. మీలో చాలామంది దుబాయిలో, మస్కట్‌లో, భీవండిలో ఉన్నారు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. పేర్లు రాయొద్దని కమిటీ అక్కలు గట్టిగా చెప్పారు. ఎవరి గురించి ఏది రాశానో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికి ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. బడికి ఏం కావాలో ప్రణాళిక రాసేది ఆ కమిటీయే. ట్రైనింగుల్లో ఇదంతా నేను నోట్సు రాసుకున్నాను. కానీ ఏళ్ల తరబడి చేసింది మాత్రం వేరు. తీర్మానం నేనే రాసేదాన్ని. రిజిస్టరు ఐదో తరగతి పిల్లాడి చేతికిచ్చి ఇంటింటికీ పంపేదాన్ని. ఇళ్లల్లో బీడీలు చేసే అమ్మలు ఒళ్లో చాట దించి, తంబాకు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని సంతకం పెట్టి పంపేవాళ్లు. ఆ పేజీల మీద తంబాకు మరకలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఏముందని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఉదయం ఏడున్నరకల్లా హనుమాన్ల గుడి దగ్గరికి ప్రైవేటు బడుల పసుపు రంగు బస్సులు వచ్చేవి. ఊరి పిల్లలు సగానికి పైగా అవే ఎక్కేవాళ్లు. దాంట్లో ఎవరినీ తప్పు పట్టను. బిడ్డ బాగా చదవాలని అప్పు చేసి ఫీజు కట్టే తల్లిని ఏమంటాం? మా బడిలో పిల్లలు తగ్గారు. పిల్లలు తగ్గితే టీచరు సర్దుబాటు మీద వేరే బడికి పోతారు. టీచరు పోతే ఇంకో నలుగురు పిల్లలు పోతారు. 2022లో సర్కారు బడులను బాగు చేసే మన ఊరు మన బడి పథకం మొదలైనప్పుడు కూడా తొలి విడతలో పిల్లలు ఎక్కువున్న బడులనే తీసుకున్నారు, రాష్ట్రం మొత్తంలో 9,123. మాది చిన్న బడి, అందులో లేదు. ఇంకొన్నాళ్లకు ఈ బడికి తాళమే అని నేను లోపల ఒప్పేసుకున్నాను కూడా.

2024లో బడి పనులు అమ్మల చేతనే చేయించే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్మాస్టర్ కన్వీనర్. మొదటి మీటింగు మధ్యాహ్నం మూడింటికి పెట్టాను. నలుగురు వచ్చారు. "వీళ్లకు పిల్లల చదువు మీద పట్టింపే లేదు" అని చైర్‌పర్సన్ అక్క ముందు విసుక్కున్నాను. అక్క ఏమీ అనలేదు. "రా మేడం, ఒక ఇంటికి పోయొద్దాం" అని తీసుకుపోయింది. అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు బీడీలు చేస్తున్నారు. నన్ను చూసి లేచి కుర్చీ వేశారు. అందులో ఒక తల్లి తల దించుకునే ఉండి అడిగింది: "మేడం, మీరు మూడు గొట్టంగ పిలుస్తరు. అప్పుడు చాట దించితే నాకు వెయ్యి ఎల్లయి. వెయ్యి చేస్తెనే కూలి. మీరు రమ్మంటున్నరా, రావద్దంటున్నరా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మకు నేను మొట్టమొదట కృతజ్ఞత చెప్పాలి. మనసులో ఉన్నది మొహం మీద అడిగినందుకు, అడిగాక చాయ్ పెట్టి పంపినందుకు.

ఆ శనివారం మీటింగు రాత్రి ఎనిమిదింటికి పెట్టాం. బీడీలు కార్ఖానాలో ఒప్పజెప్పి, వంట చేసుకుని వచ్చే టైం అది. వరండాలో లైటు లేదు. ఎదురింటి తమ్ముడు వాళ్లింటి నుంచి వైరు లాగి బల్బు పెట్టాడు. ముప్పై ఒక్క మంది అమ్మలు వచ్చారు, వెంట పిల్లలు, ఇద్దరు ముగ్గురు అవ్వలు. నాన్నల్లో ఎక్కువమంది గల్ఫ్‌లోనే కదా, వాళ్లను ఫోన్లో కలిపాం. మనకు ఎనిమిదైతే దుబాయిలో ఆరున్నర, సౌదీలో ఐదున్నర. ఒకాయన డ్యూటీ నుంచి బస్సులో రూముకు పోతూ మాట్లాడాడు. "మేడం, నా బిడ్డ బడి గురించి ఎవరన్న నన్ను అడుగుడు ఇదే మొదటిసారి" అన్నాడు. పదేళ్లుగా ఆయన అక్కడే ఉన్నాడు.

అమ్మలు ఏం అడుగుతారో నాకు తెలుసనుకున్నాను. ఇంగ్లిష్ మీడియం, కంప్యూటర్, బస్సు అనుకున్నాను. వాళ్లు అడిగింది రెండే. ఒకటి, బాత్రూం తలుపుకు గొళ్లెం. నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పోయి మళ్లీ ఎందుకు రావడం లేదో అప్పుడు అర్థమైంది. బువ్వకు పోతున్నారని రాసుకున్నాను నేను. గొళ్లెం లేకనట. రెండోది: "మా పిల్ల చదువుతుందా లేదా, చదువురాని మాకు ఎట్ల తెల్వాలె?"

గొళ్లెం వారంలో వచ్చింది. ఆ వేసవిలో కమిటీ పనులన్నీ మొదలుపెట్టింది. బాత్రూంలు, నల్లాలు, వైరింగు. చైర్‌పర్సన్ అక్క రోజూ పొద్దున వచ్చి సిమెంటు బస్తాలు లెక్కపెట్టేది. ఇసుకకు పంచాయతీ కార్యదర్శి గారు ట్రాక్టరు ఇప్పించారు. ఊరి మేస్త్రీ అన్న రెండు రోజులు కూలి ముట్టలేదు. వైరింగు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. దుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసే మా బడి పాత విద్యార్థి ఒకరు నెల రోజుల ఛుట్టీ మీద వచ్చాడు. రెండేళ్లకు ఒకసారి దొరికే ఛుట్టీ అది. అందులో ఆరు రోజులు మా బడిలో నిచ్చెన మీదే ఉన్నాడు. డబ్బు పంపుతానంటే నేను కాదనకపోయేదాన్ని. కానీ తమ్ముడూ, ఆ ఆరు రోజులు మీ అమ్మవి, మీ పిల్లలవి. అవి మాకు ఇచ్చావు. నువ్వు పెట్టిన స్విచ్ బోర్డు కింద "ముందు చేయి తుడుచుకోండి" అని పెన్సిల్‌తో రాసిపోయావు. సున్నం వేసినప్పుడు అది చెరపనీయలేదు.

ఇక రెండో ప్రశ్న. దానికి దారి చూపించింది కూడా అమ్మలే. బీడీ చేసేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు, కళ్లు ఖాళీ ఉండవు. చెవులు ఖాళీయే. "వాళ్లు సదువుతుంటె మేం ఇంటం" అన్నది ఒక అమ్మ. అంతే. 2024 జూన్ నుంచి ప్రతి ఇంట్లో రాత్రి భోజనానికి ముందు ఇరవై నిమిషాలు, పిల్ల చదవాలి, అమ్మ వినాలి. చివర్లో ఒక నిమిషం ఫోన్లో రికార్డు చేసి నాకు పంపాలి. ఫోన్ లేనివాళ్లకు పక్కింటి ఫోన్. ఆ ఏడాది రోజూ రాత్రి పడుకునే ముందు పాతికకు పైగా గొంతులు విన్నాను. చిన్న గొంతు తడబడుతూ చదువుతుంటే వెనక కత్తెర ఆకు కోస్తున్న చప్పుడు. ఎక్కడైనా పిల్ల ఆగితే కత్తెర కూడా ఆగేది. ఆ అమ్మకు అక్షరం రాదు. అయినా బిడ్డ ఆగిందని తెలుసు.

ఒక మూడో తరగతి బాబు రోజూ గడగడా చదివి పంపేవాడు. నేను మెచ్చుకుంటూ ఉన్నాను. వారం తర్వాత వాళ్లమ్మ బడికి వచ్చింది. "నిన్న చదివిందే ఇయ్యాల చదువుతుండు మేడం, మొన్న గూడ అదే. పుస్తకం చూస్తలేడు" అంది. పుస్తకం తెరిపించి వేరే పేజీ ఇచ్చాను, రెండు లైన్లు దాటలేదు. పాఠం మొత్తం బట్టీ పట్టాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్న నేను పట్టుకోలేనిది ఆ తల్లి పట్టుకుంది. ఆ బాబుతో మళ్లీ అక్షరాల నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు వాడు నాలుగో తరగతి, కొత్త కథ ఇచ్చినా చదువుతాడు.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు వచ్చేలా చేసే తొలిమెట్టు కార్యక్రమం 2022 నుంచి నడుస్తోంది. ప్రతి నెలా పిల్లల స్థాయి చూసి రాసుకుంటాం. 2024 జూన్‌లో మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి 15 మందిలో ఆరుగురే ఒక పేరా తప్పుల్లేకుండా చదివారు. ఫిబ్రవరికి 13 మంది చదివారు. మేం ఇద్దరు టీచర్లం బడిలో చేసింది ముందు ఏళ్లలో చేసిందే. కొత్తగా చేరింది అమ్మల చెవులు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఇది చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది. దసరా తర్వాత మీటింగులో ఒక అమ్మ లేచి, "పిల్ల సదువుతుంటె పక్కన తంబాకు ఘాటుకు దగ్గుతుంది, ఇగ నేను అరుగు మీద కూసుంట, పిల్ల ఇంట్ల కూసుంటది" అంది. దాని మీద మాట నడిచి, ఆడపిల్లల చేత బీడీల కొసలు మడిపించే పని ఏ ఇంట్లోనూ చేయించొద్దని వాళ్లే నిర్ణయం తీసుకున్నారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. రోజుకు కొన్ని వందల బీడీల సాయం వదులుకోవడం అంటే ఏమిటో ఆ ఇళ్లకు తెలుసు. ఆ రాత్రి తీర్మానం రాసింది నేనే అయినా, ప్రతి వాక్యం చదివి వినిపించి, ఔనన్నాకే రాశాను.

వంట చేసే ఇద్దరు అక్కలకు వేరుగా చెప్పాలి. బిల్లులు ఆలస్యమైన నెలల్లో కిరాణం దుకాణంలో తమ పేరు మీద ఉద్దెర పెట్టి వండారు. పొయ్యి ఒక్కరోజు కూడా చల్లారలేదు. దానికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. రెండో తరగతి పాప ఒకతి పల్లెం మరీ గరిటె దగ్గరికి తెచ్చి పట్టుకుంటోందని, పప్పు ఎక్కడ పడుతోందో తడుముతోందని వాళ్లే గమనించారు. బోర్డు మీద రాసింది తప్పు దించుకుంటే శ్రద్ధ లేదనుకున్నాం మేము. పిల్లల ఆరోగ్యం చూసే బృందం వచ్చినప్పుడు చూపించాం, వాళ్లు జగిత్యాల ఆసుపత్రికి పంపారు. అద్దాలు వచ్చాయి. అద్దాలు పెట్టుకున్న మొదటి రోజు ఆ పాప కిటికీలోంచి చెట్టు చూసి, "టీచర్, ఆకులు వేరే వేరేగ ఉన్నయి" అంది. అక్కలూ, ఆ మాట మీ వల్ల విన్నాను.

రోడ్డు దాటించే తాతకు దండాలు. ఎవరూ అడగకుండానే పొద్దున, సాయంత్రం కర్ర పట్టుకుని మలుపు దగ్గర నిలబడతారు. ఇసుక లారీలు ఆ కర్రకు ఆగుతాయి. మొన్న జ్వరం వచ్చి రాలేకపోతే మనవడిని పంపారు. యూనిఫాం కుట్టిన సంఘం చెల్లెళ్లకు కూడా. ఈసారి పిల్లలను పిలిచి ఒక్కొక్కరికీ కొలతలు తీసుకుని కుట్టారు, ఒక్క నిక్కరూ జారలేదు. అంగన్‌వాడీ టీచరమ్మ ఐదేళ్లు నిండిన పిల్లల జాబితా నాకంటే ముందే తయారు చేసి పెట్టారు.

పిల్లలను సర్కారు బడిలో చేర్పించే బడిబాటకు మామూలుగా మేమే జెండా, బ్యానరు పట్టుకుని తిరుగుతాం. ఈ జూన్‌లో అమ్మలు మమ్మల్ని వెనక ఉండమన్నారు. "మీరు చెప్తె మర్యాదకు తల ఊపుతరు. మేం చెప్తె ఇంటరు" అన్నారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి నా గొప్ప చెప్పలేదు, బడి గొప్ప చెప్పలేదు. ఫోన్ తీసి తమ పిల్లల చదువు వినిపించారు. గత జూన్‌లో పంపింది ఒకటి, ఈ మార్చిలో పంపింది ఒకటి. ఆ వీధుల్లో నేను వెనక నడుస్తూ విన్నాను. ఒక ఇంట్లో అప్పటికే వేరే చోట మొదటి టర్మ్ ఫీజు కట్టేశారు. అయినా రెండు రోజులు ఆలోచించుకుని పిల్లను తెచ్చి మా దగ్గర కూర్చోబెట్టారు. ఆ డబ్బు తిరిగి రాదని తెలిసే తెచ్చారు. ఆ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

చట్టం లెక్కలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లే. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు, 47 మంది. కష్టమే, ఆ టెన్షన్ నాకుంది. ఇంటర్ చదివిన ఇద్దరు చెల్లెళ్లు రోజుకో గంట వచ్చి ఒకటో తరగతి పిల్లలతో కూర్చుంటామన్నారు. సోమవారం నుంచి మొదలుపెట్టారు కూడా. చెల్లెళ్లూ, మీకు కూడా.

ఇప్పుడు మా రిజిస్టరులో సంతకాలు అదే వరండాలో, లైటు కింద పడుతున్నాయి. పోయిన మీటింగులో 38 సంతకాలు, నాలుగు వేలిముద్రలు. వేలిముద్ర వేసే ఒక అవ్వ ఈసారి "నేను గూడ పేరు రాస్త, మనవరాలు నేర్పింది" అని పెన్ను తీసుకుని రెండు అక్షరాలు రాసి, మిగతాది వచ్చే నెల అంది. అవ్వా, ఆ గడి అట్లే ఖాళీగా ఉంచాను.

వచ్చే మీటింగు రెండో శనివారం రాత్రి ఎనిమిదింటికి. గల్ఫ్ తమ్ముళ్లకు లింకు ఏడున్నరకే పంపుతాను.