మంత్రి గారూ, మామిడికాయ జూలై దాకా ఆగదు

ఆంధ్రప్రదేశ్ ఎంఎస్ఎంఈ, సెర్ప్, ప్రవాసాంధ్రుల వ్యవహారాల మంత్రి గారికి నమస్కారం.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో పచ్చళ్ళు, పొడుల వ్యాపారం చేస్తున్నాను. డ్వాక్రా సంఘంలో సభ్యురాలిని కూడా. ఈ లేఖ మీకే ఎందుకంటే, పొదుపు సంఘాలు చూసే సెర్ప్, చిన్న పరిశ్రమల శాఖ, బయట దేశాల్లో ఉన్న మనవాళ్ళ శాఖ, మూడూ మీ ఒక్కరి దగ్గరే ఉన్నాయి. మాలాంటి వాళ్ళ వ్యాపారం ఈ మూడింటి మధ్యే నడుస్తుంది. అప్పు సంఘంలో పుడుతుంది, సరుకు ఇంటి వెనక షెడ్డులో తయారవుతుంది, అందులో సగం పైన హైదరాబాద్‌కో అమెరికాకో పోతుంది. ఇది మా శాఖ కాదు, పక్క శాఖని అడగండి అనే మాట మీ దగ్గర వినాల్సిన పని ఉండదని ఆశతో రాస్తున్నాను.

సంఘాల గురించి ముందు మంచే చెప్పాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్ల మీదికి వెళ్ళారు, ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు మొదలైంది, అది ఊరూరా పాకింది. మా అమ్మ తరం బ్యాంకు గుమ్మం తొక్కింది ఆ రూపాయితోనే. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ళకి జనం ఉరేసుకునే పరిస్థితి వచ్చి ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చిన రోజుల్లో కూడా, సంఘం అప్పు మీద ఉన్నవాళ్ళకి కాస్త ఊపిరి ఆడింది. సంఘం వద్దని నేను ఎప్పటికీ అనను.

కానీ సంఘం పొదుపు కోసం పుట్టింది, వ్యాపారం కోసం కాదు. మా సంఘంలో పది మందిమి. లింకేజీ అప్పు, అంటే బ్యాంకు సంఘానికి ఇచ్చే అప్పు, వస్తే పదిమందీ సమానంగా పంచుకుంటాం, అదే న్యాయం, అందులో ఎవరికీ పేచీ లేదు. ఒకామె గేదె కొంటుంది, ఒకామె కొడుకు కాలేజీ ఫీజు కడుతుంది, ఒకామె ఇంటి స్లాబు వేయిస్తుంది, నేను మామిడికాయ కొంటాను. నా వ్యాపారం పెరిగింది, నాతో పాటు ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు పని చేస్తున్నారు, అయినా నా వాటా మాత్రం ఆ పదో వంతే. నాకొక్కదానికే ఎక్కువ ఇవ్వమంటే మిగతా తొమ్మిది మందికి టెన్షన్, ఎందుకంటే నేను కట్టకపోతే వాళ్ళు కట్టాలి. వాళ్ళ భయంలో తప్పేమీ లేదు. సంఘం నుంచి బయటికొచ్చి సొంతంగా బ్యాంకుకి వెళ్ళాల్సిన మనిషిని నేను. కథంతా తిరగబడేది అక్కడే.

వాయిదా ఒక్కటీ తప్పకుండా కట్టిన మనిషిని, గ్రామ సమాఖ్య పుస్తకాల్లో ఏళ్ళ తరబడి లెక్క ఉంది, అదే బ్యాంకులో అదే మేనేజరు గారి ముందు ఒంటరిగా కూర్చుంటే నేనెవరో ఆయనకి తెలియదు. మొదటి ప్రశ్న, మీ ఆయన ఏం చేస్తారమ్మా. రెండో ప్రశ్న, ఇల్లు ఎవరి పేరున ఉంది. ఇల్లు మా మామగారి పేరున ఉంది, చాలా ఇళ్ళల్లో అంతే, పొలమూ ఇల్లూ కోడలి పేరున పెట్టిన ఇల్లు మా వీధిలో ఒక్కటి కూడా లేదు. సూక్ష్మ, చిన్న వ్యాపారాలకి 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది. ఆ మాట కౌంటర్ దగ్గర మనం చెప్తే, అది మీకు వర్తించదమ్మా, అని నవ్వి పంపేస్తారు. ఏదీ రాసి ఇవ్వరు. కాదన్నట్టు కాగితం ఉంటే కదా పైకి ఫిర్యాదు చేసేది!

చివరికి సరేనన్నా, డబ్బు చేతికొచ్చేసరికి జూలై. మంత్రి గారూ, మీకు తెలియంది కాదు, ఆవకాయ కాయ దొరికేది ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి దాకా. టెంక గట్టిపడాలి, పులుపు నిండాలి, లోపల పసుపు తిరగకూడదు. అలాంటి కాయ ఒక్కో చెట్టు మీద కొన్ని రోజులే ఉంటుంది. ఓ పెద్ద వాన పడిందంటే ఇక ఆ కాయ ఏడాది నిలవ ఉండే ఆవకాయకి పనికిరాదు. ఆ కొద్ది వారాల్లోనే కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ కొనాలి, ముక్క కొట్టేవాళ్ళకి ఏ రోజు కూలి ఆ రోజు ఇవ్వాలి, గుంటూరు మిరపకాయ ఆడించాలి, సన్న ఆవాలు ఎండబెట్టి పిండి చేయించాలి, పప్పు నూనె డబ్బాలకి డబ్బాలు దింపుకోవాలి. మూడో రోజు తిరగగలిపి ఉప్పూ నూనే చూసి డ్రమ్ముల్లోకి ఎత్తేదాకా ఒక్క రూపాయి వెనక్కి రాదు. కాయల మార్కెట్లో నాకెవరూ అరువు పెట్టరు. ఏడాదంతా అమ్ముకోబోయే సరుకు పెట్టుబడి మొత్తం ఒక్క నెలలో, నగదులో పెట్టాలన్నమాట.

అందుకని ఏం చేస్తాం? గాజులు తాకట్టు పెడతాం. చాలకపోతే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాం, అంటే ఏడాదికి 36 శాతం. ఆవకాయలో మిగిలేది ఆ వడ్డీకే పోతుంది. రాష్ట్రంలో సున్నా వడ్డీ గురించి అన్ని పార్టీలూ మాట్లాడతాయి, మంచిదే, కానీ నాకు మాత్రం తక్కువ వడ్డీ కన్నా సమయానికి వచ్చే అప్పు ముఖ్యం. బ్యాంకు వడ్డీ పూర్తిగా కడతాను, ఒక్క పైసా మాఫీ అడగను. మార్చి నెలాఖరుకి నా ఖాతాలో ఓ లిమిట్ పెట్టండి, అవసరమైనప్పుడు తీసుకుని అమ్మకాలు వచ్చిన కొద్దీ కట్టుకుంటూ పోతాను. బియ్యం మిల్లులకీ ఎరువుల షాపులకీ క్యాష్ క్రెడిట్ అని ఇస్తున్నది ఇదే కదా. రైతుకి పంట అప్పు సీజన్ చూసి ఇస్తున్నారు, మాదీ సీజన్ పంటే.

స్కీములు లేవని అనడం లేదు. చిన్న వ్యాపారాలకి అప్పులిచ్చే ముద్ర స్కీము ఖాతాల్లో మూడింట రెండు వంతులు ఆడవాళ్ళవే అని కేంద్రం గర్వంగా చెప్తుంది, కానీ మా చుట్టుపక్కల చూస్తే ఆడవాళ్ళకి వచ్చేది ఎక్కువగా 50,000 లోపు శిశు అప్పే. అంతకన్నా పెద్ద అప్పులైన కిశోర్, తరుణ్ మెట్లు ఎక్కినవాళ్ళు ఎక్కడో ఒకరు. ఆహార యూనిట్లకి 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈలో 35 శాతం సబ్సిడీ, 10 లక్షల దాకా. నిజంగా మంచి స్కీము, మా మండలంలో ఇద్దరు ముగ్గురు దాంతో పిండి మర పెట్టుకున్నారు. కాకపోతే అది మెషీన్ల కోసం. ఆవకాయకి మెషీన్ కన్నా ముందు కాయ కావాలి. మెషీన్ కొని, సరుకు కొనడానికి డబ్బు లేక దానికి గుడ్డ కప్పి పెట్టిన షెడ్లు నేను చూశాను.

చిన్న సంస్థలు పేరు నమోదు చేసుకునే కేంద్రం వారి ఉద్యమ్ పోర్టల్లో నమోదైన సంస్థల్లో ఆడవాళ్ళవి ఐదో వంతు, మొత్తం టర్నోవర్లో మాత్రం వాళ్ళ వాటా పదో వంతు. ఇది కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ 2024లో చెప్పిన లెక్క. మొదలుపెట్టడానికి మాకు ధైర్యం చాలక కాదు, ఎదగడానికి దారి లేక. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ ఐదో వంతులో భార్య పేరున భర్త నడిపేవి కూడా ఉంటాయి, మహిళలకి సబ్సిడీ ఎక్కువ అన్నప్పుడల్లా అవి పుట్టుకొస్తాయి. అలాంటి వాటికి ఇచ్చినదంతా నిజంగా కష్టపడే ఆడదాని వాటాలోంచి పోయినట్టే. చెక్కు మీద సంతకం ఎవరిది, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ ఎవరి ఫోనుకి పోతోంది, ఇవి రెండూ చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. 2014 జూన్ 2న హైదరాబాద్ మనకి పక్క రాష్ట్రం అయింది, కానీ మా పచ్చళ్ళు తినేవాళ్ళు అక్కడే ఉండిపోయారు. కూకట్‌పల్లిలో, మియాపూర్‌లో, మణికొండలో మా జిల్లా వాళ్ళే. సరుకు ప్యాక్ చేసి సాయంత్రం కార్గోలో వేస్తే పొద్దున్నకి అక్కడ ఉంటుంది. మన రాష్ట్రం లోపల అమ్ముకుంటే ఏడాదికి 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే పక్క రాష్ట్రానికి ఒక్క సీసా అమ్మినా, టర్నోవర్ ఎంత చిన్నదైనా, రిజిస్ట్రేషన్ తప్పనిసరి, జీఎస్టీ చట్టం సెక్షన్ 24. పోనీ చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద ఇంత శాతం అని కట్టే కాంపోజిషన్ స్కీములో చేరి తేలిగ్గా కట్టుకుందామంటే, అందులో ఉన్నవాళ్ళు పక్క రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. అంటే పెద్ద కంపెనీ వేసినట్టే నేనూ రిటర్నులు వేయాలి, ఆడిటర్‌కి ఫీజు కట్టాలి, ఏమీ అమ్మని నెలకి రిటర్న్ ఆలస్యమైనా రోజుకి 20 రూపాయలు కట్టాలి. ఈ టెన్షన్ పడలేక చాలామంది హైదరాబాద్ ఆర్డర్లే మానేస్తున్నారు, లేదంటే రిజిస్ట్రేషన్ ఉన్న షాపు వాళ్ళకి అడిగిన రేటుకి ఇచ్చేస్తున్నారు. వాళ్ళు తమ లేబుల్ వేసి అమ్ముకుంటారు, మా పేరు ఎక్కడా ఉండదు.

చేతివృత్తుల వస్తువులకి ఈ విషయంలో 2017లోనే మినహాయింపు ఇచ్చారు, 20 లక్షల దాకా పక్క రాష్ట్రానికి అమ్ముకోవచ్చు. సర్వీసులు ఇచ్చేవాళ్ళకీ ఉంది. చేత్తో కలిపిన ఆవకాయకి, చేత్తో చుట్టిన పూతరేకుకి ఎందుకు ఉండకూడదు? ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఆ ప్రాంతపు సొంత సరుకు అనే గుర్తింపు వచ్చిందని అందరం సంతోషపడ్డాం. కుండ కింద సెగ తగులుతుంటే, పల్చటి బియ్యపు పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగి రేకు తీసే ఆ ఆడవాళ్ళలో ఒకామె సొంతంగా నాలుగు పెట్టెలు హైదరాబాద్‌లో అమ్ముకోవాలంటే ఇదే గోడ అడ్డం. ఇది మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. జీఎస్టీ కౌన్సిల్‌లో మన రాష్ట్రం కూడా కూర్చుంటుంది, తెలంగాణకీ ఇదే అవసరం ఉంది, అక్కడి సకినాలూ అప్పాలూ విజయవాడకి రావాలన్నా ఇదే సెక్షన్. రెండు రాష్ట్రాలూ కలిసి అడగాల్సిన వాటిలో ఇదొకటి, మీ ఆర్థిక మంత్రి గారితో మాట్లాడండి.

అమెరికా పార్శిళ్ళ గురించి క్లుప్తంగా చెప్తాను. 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా తీసేసింది, అప్పటి నుంచి మాకు అక్కడి ఆర్డర్లు సగానికి సగం పడిపోయాయి. సుంకం మీరు తగ్గించలేరు. కానీ నలుగురైదుగురి సరుకు కలిపి పరీక్షలు చేయించి, సరైన కాగితాలతో ఒకే లోడుగా పంపే ఏర్పాటు చేయించగలరు. ప్రవాసాంధ్రుల శాఖ మీ దగ్గరే ఉంది, కొనేవాళ్ళు ఎక్కడున్నారో మీ ఆఫీసుకే తెలుసు.

175 నియోజకవర్గాల్లో ఎంఎస్ఎంఈ పార్కులు అంటున్నారు, ఇంటికో పారిశ్రామికవేత్త అంటున్నారు, వినడానికి బాగుంది. అయితే ఊరికి దూరంగా హైవే పక్కన ప్లాటు ఇస్తే, పిల్లల్ని బడికి పంపి, మంచంలో ఉన్న అత్తగారికి అన్నం పెట్టి, సాయంత్రం పాలు తీసుకోవాల్సిన మనిషి అక్కడికి ఎలా వెళ్తుంది? పార్కు డబ్బులో కొంత మండలానికి పెట్టండి. వాడకుండా మూతపడి ఉన్న ప్రభుత్వ బిల్డింగులు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. అందులో పొడి కొట్టే ఒక పల్వరైజర్, ఒక సీలింగ్ మెషీన్, లేబుల్ ప్రింటరు, శాంపిల్ తీసి ల్యాబుకి పంపే ఒక మనిషి ఉంటే, గంటకి ఇంత అని కట్టి వాడుకుంటాం.

ఇక హాస్టళ్ళు, గురుకులాలు. కేంద్ర శాఖలూ సంస్థలూ కొనేదాంట్లో 3 శాతం మహిళల సంస్థల నుంచి కొనాలని 2018లో రూల్ పెట్టారు. మన హాస్టళ్ళకి వెళ్ళే పచ్చడి, పొడి, చిక్కీలో కూడా అలాంటి వాటా పెట్టండి, జిల్లా మొత్తానికి ఒకే టెండర్ కాకుండా మండలం వారీగా పిలవండి, అప్పుడు కాంట్రాక్టర్‌తో మేము పోటీ పడగలం. బిల్లు మాత్రం 45 రోజుల్లో ఇవ్వాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో అది ఉంది, ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కూ ఉంది, కానీ ఫిర్యాదు చేస్తే వచ్చే ఆర్డర్ పోతుందని ఏ ఆడమనిషీ నోరు తెరవదు. ఫిర్యాదు మేం చేయకుండా, గడువు దాటిన బిల్లుల లిస్టు మీ ఆఫీసే తెప్పించుకోవాలి.

మళ్ళీ అప్పు దగ్గరికే వస్తాను, అన్నిటికన్నా ముందు కావాల్సింది అదే కాబట్టి. 2025 ఫిబ్రవరి బడ్జెట్లో సంఘాల మహిళల కోసం గ్రామీణ్ క్రెడిట్ స్కోర్ తెస్తామని కేంద్రం ప్రకటించింది. సంఘంలో కట్టిన ప్రతి వాయిదా మా సొంత పేరున లెక్కకి రావాలంటే అది పకడ్బందీగా నడవాలి. సెర్ప్ దగ్గర ఏళ్ళ లెక్కలు కంప్యూటర్లో ఉన్నాయి, మన రాష్ట్రం కన్నా బాగా దీన్ని మొదలుపెట్టగలిగిన రాష్ట్రం లేదు.

వచ్చే రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమావేశంలో మూడు లెక్కలు అడగండి. సంఘం అప్పు కాకుండా, ఆడవాళ్ళకి సొంత పేరున 2 లక్షలు దాటి ఇచ్చిన వ్యాపార రుణాలు ఎన్ని? అందులో తాకట్టు లేకుండా ఇచ్చినవి ఎన్ని? కాదన్న దరఖాస్తుల్లో కారణం రాసి ఇచ్చినవి ఎన్ని? బ్యాంకు వారీగా, జిల్లా వారీగా తెప్పించి పేపర్లో వేయించండి. మా జిల్లా లెక్క వచ్చాక పిలిస్తే నేనూ, మా మండల సమాఖ్యలో వ్యాపారం చేసే ఆడవాళ్ళమూ మీ దగ్గరికి వచ్చి కూర్చుని మాట్లాడతాం. ఫిబ్రవరి లోపు అయితే మంచిది, మార్చి నుంచి మాకు ఆవాలూ మిరపకాయల కొనుగోళ్ళు మొదలవుతాయి.

ఇట్లు,
పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక పచ్చళ్ళ వ్యాపారి