మా తోడల్లుడి గుమ్మం దాకా నన్ను తీసుకెళ్లిన వాళ్లకు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మా తోడల్లుడు నాకంటే పెద్దవాడు, అన్నా అనే పిలుస్తాను. ఆయన్ని అడిగి, సరేనన్నాకే ఇది రాస్తున్నాను. నాలుగేళ్ల క్రితం అన్న 5 లక్షల చీటీ పాడుకుంటే నేను జామీను సంతకం పెట్టాను. ఏడు నెలలు కట్టి ఆపేశాడు. మిగతాది నా జీతంలోంచి పోయింది. తర్వాత మూడేళ్లు మాటల్లేవు. మా ఆవిడ, వదిన సొంత అక్కచెల్లెళ్లు. మేం ఇంట్లో లేనప్పుడు చూసుకుని ఫోన్ చేసుకునేవాళ్లు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో ఒక రాత్రి ప్రార్థన అయ్యాక పాస్టరుగారి ముందు నా గోడంతా వెళ్లబోసుకున్నాను. అంతా విని, "ఇది ఎంతమందికి చెప్పావు?" అని అడిగారు. లెక్కపెడితే పద్నాలుగు మంది తేలారు. "మరి ఆయనకు?" అన్నారు. నోట మాట రాలేదు. మత్తయి సువార్త 18:15 నుంచి 17 దాకా తీసి చదివించారు. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటపెట్టుకుని వెళ్లాలి. సంఘానికి చెప్పేది ఆ తర్వాతే. నేను ఊరందరితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. ముందు ఆయనే రావాలి కదండీ అన్నాను. "ఐదో అధ్యాయంలో అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి వెళ్లమన్నది ఆయనలాంటి వాళ్లకు. ఇక్కడ వెళ్లమన్నది నీకు. ఇద్దరినీ బయలుదేరమన్నాడు ప్రభువు, బాబూ" అన్నారు.

మొదటిసారి ఒక్కడినే వెళ్తే వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు. నేనూ గొంతు పెంచి వచ్చేశాను. రెండోసారి సంఘపెద్దగారు తన బండి మీద తీసుకెళ్లారు. లోపల మా ఇద్దరి మధ్య కూర్చుని, ప్రార్థన చేసి, ఇంక ఒక్క మాట మాట్లాడలేదాయన. చాలాసేపటికి అన్నే అన్నాడు: "మొదటి నెల తప్పినప్పుడే నీకు చెప్పాల్సింది. సిగ్గేసింది. తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు."

క్షమించానంటే బాకీ కూడా వదిలేయాలా అని నాకు టెన్షన్‌గా ఉండేది. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా, అన్న కడతానంటే కట్టనివ్వు అన్నారు పాస్టరుగారి భార్య, మా అమ్మగారు. నెలకు 4 వేలని రాసుకున్నాం. ఇది కొందరికి నచ్చలేదు. నాకైతే అన్నకు అది గౌరవమే అనిపిస్తుంది. మొన్న ఒక నెల తప్పింది, ముందే ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఫోన్ కోసమే నేను మూడేళ్లు ఎదురుచూశాను.

పాస్టరుగారికి, అమ్మగారికి, పెద్దగారికి, దొంగచాటుగానైనా బంధుత్వం తెగకుండా కాపాడిన అక్కచెల్లెళ్లకు నా కృతజ్ఞతలు. అన్నా, రెండోసారి తలుపు తీసినందుకు నీకూ వందనాలు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ ఇంటికే భోజనానికి వస్తున్నాం.