పదకొండు మందికి ఒకే మీటరు

సంపాదకులు గారికి నమస్కారం.

పల్లె వదిలి నగరం పక్కనున్న ఈ చిన్న పట్టణానికి మేం పదకొండు మందిమి వచ్చి ఏడాదిన్నర అయింది. అత్తగారు, మామగారు, మా ఆయన, నేను, మా ముగ్గురు పిల్లలు, మరిది, తోడికోడలు, వాళ్లిద్దరు పిల్లలు. రావడానికి కారణం మామగారి కిడ్నీలు. వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లిన ప్రతిసారీ మెషిన్ మీద నాలుగు గంటలు, మా పల్లె నుంచి ఆసుపత్రికి పోయి రావడంతోనే రోజంతా గడిచిపోయేది. నగరంలో పదకొండు మందికి సరిపడే ఇల్లు మాకు అందే అద్దెలో దొరకలేదు. అందుకే బస్సు ఉన్న ఈ పట్టణంలో మూడు గదులు, ఒక హాలు ఉన్న ఇల్లు తీసుకున్నాం.

అందరూ ఎందుకు రావడం, ఆయన్ను చూసుకునే వాళ్లు మాత్రం వస్తే పోదా అని చాలామంది అడిగారు. ఆయన్ను చూసుకునేది అందరం కలిసే. మరిది నైట్ డ్యూటీ దిగి నేరుగా ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్తాడు, మధ్యాహ్నం మా ఆయన వెళ్లి తీసుకొస్తారు, నేను పనికి పోయే రోజుల్లో ఇంట్లో తోడికోడలు ఉంటుంది, ఆమె పనికి పోయే రోజుల్లో నేను ఉంటాను, చిన్నపిల్లల్ని స్కూలు నుంచి తెచ్చేది అత్తగారు. ఇందులో ఒక్కరు తప్పుకున్నా ఎవరో ఒకరి ఉద్యోగం పోతుంది. మమ్మల్ని రెండిళ్లుగా విడదీస్తే రెండు అద్దెలు కట్టుకోవాలి, చేసే చేతులు మాత్రం సగమవుతాయి.

నేను ఈ లేఖ రాస్తున్నది నీళ్ల బిల్లు గురించి, దానితో పాటు ఈ పట్టణాలు మనుషుల్ని లెక్కేసే తీరు గురించి.

మా పట్టణంలో నీళ్ల బిల్లు శ్లాబుల మీద వస్తుంది. ఇంటికి ఒక కనెక్షన్, ఒక మీటరు. ఒక యూనిట్ అంటే వెయ్యి లీటర్లు. నెలకు ఇరవై యూనిట్ల దాకా మామూలు రేటు, ఆపైన ప్రతి యూనిట్‌కీ రెట్టింపు. ఎక్కువ వాడేవాళ్లు ఎక్కువ కట్టాలన్నది దీని వెనకున్న ఆలోచన, అది న్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ లెక్క చూడండి. పోయిన నెల మా ఇంటికి ఇరవై తొమ్మిది యూనిట్లు వచ్చాయి. పదకొండు మందికి పంచితే మనిషికి రోజుకు దాదాపు 88 లీటర్లు. మా పక్కింట్లో ముగ్గురే ఉంటారు, మాతో చాలా మంచిగా ఉంటారు, వాళ్ల బిల్లు చూపించమని అడిగితే సంకోచం లేకుండా చూపించారు. పద్నాలుగు యూనిట్లు. మనిషికి రోజుకు 155 లీటర్లు. అందరికీ కలిపి ఒక్క చుక్క కూడా రెట్టింపు రేటుకు పోలేదు. మాకు తొమ్మిది యూనిట్లు పోయాయి. ఇందులో నీళ్లు పొదుపుగా వాడుతున్నది ఎవరో మీరే చెప్పండి.

మనిషికి రోజుకు 50 నుంచి 100 లీటర్ల నీళ్లు ఉంటే కనీస అవసరాలు తీరతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేం ఆ కొలతలోనే ఉన్నాం. అయినా బిల్లులో మాత్రం నీళ్లు వృథా చేసేవాళ్ల వరసలో ఉన్నాం.

ఆ బిల్లు వచ్చిన దగ్గర్నుంచి మా అత్తగారు కుళాయిని దారమంత సన్నగా తిప్పి దాని కింద గిన్నె పెట్టి కూర్చుంటున్నారు. కుళాయి పూర్తిగా తిప్పితే నీళ్లు ఎక్కువ పోతాయని ఆవిడ భయం. గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్‌లో పట్టి బాత్రూమ్‌లోకి మోస్తారు, డెబ్బై దాటిన మనిషి, రెండు చేతులతో పట్టుకుని, గోడకు ఆనుకుంటూ. వద్దన్నా వినరు. మామగారికి డాక్టర్లు తాగే నీళ్ల మీద పరిమితి పెట్టారు కాబట్టి ఆయనకు గ్లాసుతో కొలిచే ఇస్తాం, అది జబ్బు కోసం, తప్పదు. ఆయన డయాలసిస్ నుంచి నీరసంగా వచ్చి, వేణ్నీళ్లు పెట్టనా అని అడిగితే, "ఇవాళ వద్దులేమ్మా, రేపు చేస్తాను స్నానం" అంటున్నారే, అది మాత్రం జబ్బు వల్ల కాదు. ఆ మాట విన్న రాత్రే ఈ లేఖ రాయాలనుకున్నాను.

ఇది మా ఒక్క ఊరి సమస్య కాదు. దక్షిణాఫ్రికాలో 2001లో ప్రతి ఇంటికీ నెలకు 6,000 లీటర్ల నీళ్లు ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించారు. ఎంత మంచి నిర్ణయం! ఇంటికి ఎనిమిది మంది, మనిషికి రోజుకు 25 లీటర్లు, అలా వచ్చింది ఆ అంకె. కానీ ఒకే స్థలంలో పెద్ద కుటుంబాలు, వెనక షెడ్లలో అద్దెకున్నవాళ్లు కలిసి బతికే చోట ఆ నీళ్లు నెల మధ్యలోనే అయిపోయేవి. అక్కడి జోహన్నెస్‌బర్గ్ నగరంలోని సొవెటోలో ఫిరి అనే ప్రాంతం వాళ్లు కోర్టుకెక్కి, ఇంటి లెక్కన వద్దు, మనిషికి రోజుకు 50 లీటర్ల చొప్పున ఇవ్వమని అడిగారు. 2009లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం నగర పాలకుల వైపే తీర్పిచ్చింది. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఎప్పటికప్పుడు తేల్చడం కష్టమన్నది పాలకులు చెప్పుకున్న కారణాల్లో ఒకటి.

కష్టమే. మనుషులు వస్తారు, పోతారు, కొందరు లేనివాళ్ల పేర్లు కూడా రాయిస్తారు. కానీ ఆ కష్టాన్ని దాటిన చోట్లు ఉన్నాయి. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 2016 నుంచి ఇంటికి ఏడాదికి 30 యూనిట్లు, దానిపైన ఆ చిరునామాలో నమోదైన ఒక్కో మనిషికి ఇంకో 30 యూనిట్లు మామూలు రేటుకు ఇస్తున్నారు, అది దాటితేనే రెట్టింపు. ఆ లెక్క మా ఇంటికి వేసి చూశాను. మాకు ఏడాదికి 360 యూనిట్లు మామూలు రేటుకు రావాలి. మేం వాడేది దాదాపు 350. రెట్టింపు రేటు మా గుమ్మం తొక్కదు. చిరునామాలో పేర్లు రాసుకోవడం మన మున్సిపాలిటీలకు కొత్తేం కాదు. ఓటరు జాబితాకు రాసుకుంటారు, జనాభా లెక్కలకు రాసుకుంటారు, నీళ్ల దగ్గరే ఎందుకు కుదరదు?

ఇంటి యజమాని సంగతి కూడా చెప్పాలి. మేం దిగిన మూడో నెలలో కుళాయి లీకవుతోందని చూడటానికి వచ్చి, బాత్రూమ్ కిటికీలో గ్లాసులో ఉన్న టూత్‌బ్రష్‌లు లెక్కపెట్టారు. పదకొండు. ఏమీ అనలేదు, మర్నాడు ఫోన్ చేసి నలుగురికి మించి ఉండకూడదన్నారు. ఎంతమందిమో మేం ముందే చెప్పాం, అప్పుడు వినీ విననట్టు ఊరుకున్నారు. నాకు కోపం వచ్చిన మాట నిజమే, అయితే తర్వాత ఆలోచిస్తే ఆయన భయంలోనూ అర్థం ఉంది. మా వీధికి డ్రైనేజీ లేదు, ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే. ఐదుగురి కోసం కట్టిన ట్యాంకును పదకొండు మంది వాడితే మలినం అడుగుకు పేరుకునేంత సేపు నీళ్లు అందులో నిలవవు, బురద బయటికి కొట్టుకొచ్చి ఇంకుడు గుంత పూడిపోతుంది. అది బాగుచేయించడం మామూలు ఖర్చు కాదు. అందుకని నాలుగేళ్లకోసారి తోడించేదాన్ని ఏడాదికోసారి మా ఖర్చుతో తోడిస్తామని కాగితం మీద రాసిచ్చాం. ఆయన ఒప్పుకున్నారు. రెండు వైపులా కూర్చుని అరగంట మాట్లాడితే తేలిపోయిన విషయం అది, కానీ మాలా కాగితం రాసిచ్చే ధైర్యం లేనివాళ్లు ఆ ఫోన్ రాగానే మూటాముల్లె సర్దుకుంటారు. మా కంటే ముందు ఇదే వీధిలో ఉన్న తొమ్మిది మంది కుటుంబం అలాగే వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది.

ఎంతమందైనా ఒక ఇంట్లో కుక్కుకోవచ్చని నేను అనడం లేదు. ఇరుకిళ్లలో క్షయ లాంటి జబ్బులు త్వరగా అంటుకుంటాయి, మా ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్నారు కాబట్టి ఆ భయం మాకే ఎక్కువ. గదికి ముగ్గురికి మించితే ఇరుకు అని ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం లెక్క. నాలుగు గదుల్లో పదకొండు మందిమి, మేం ఆ గీతకు ఇవతలే ఉన్నాం. పరిమితి పెట్టాలంటే గదుల్ని బట్టి, ట్యాంకు సైజును బట్టి పెట్టండి. ఎక్కడో ఎవరో ఊహించుకున్న నలుగురి కుటుంబాన్ని బట్టి పెడితే మాలాంటివాళ్లకు ఇల్లే ఉండదు.

స్కూళ్ల సంగతి ఇంకో లేఖ అవుతుంది. మధ్యలో చేరినందుకు ఐదుగురు పిల్లలకూ మూడు వేర్వేరు స్కూళ్లలో సీట్లు దొరికాయి, మూడు వేళలు, మూడు దిక్కులు, అంత మాత్రం చెప్పి వదిలేస్తాను.

పల్లెల నుంచి పెద్ద కుటుంబాలు నేరుగా నగరంలోకి పోలేక ఇలాంటి పట్టణాల్లోనే ఆగుతున్నాయి. వైద్యం కోసం కొందరు, చదువుల కోసం కొందరు, పొలం చేయలేక కొందరు. వాళ్లంతా ఇక్కడ చేసేది పల్లెలో చేసిందే, ఒకరి భారం ఒకరు మోసుకోవడం. అలా మోసుకోవడం వల్ల ప్రభుత్వానికి ఎంత ఖర్చు తగ్గుతోందో ఎవరూ లెక్క కట్టరు గానీ, మా మామగారి కోసం ఒక మనిషిని జీతానికి పెట్టాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది.

మా వీధిలో ఇంకో రెండు పెద్ద కుటుంబాలతో మాట్లాడాను. వచ్చే మున్సిపల్ సమావేశానికి ముగ్గురం కలిసి అర్జీ పెడుతున్నాం. మీ పత్రిక కూడా ఈ విషయం మీద అధికారుల్ని అడగాలని కోరుతున్నాను. మేం అడిగేది చాలా చిన్నది. మీటరు రీడింగ్‌కు వచ్చే అబ్బాయి దగ్గరున్న కాగితంలో ఇంటి నంబరుకు ఒక గడి ఉంది, పాత రీడింగ్‌కు ఒకటి, కొత్త రీడింగ్‌కు ఒకటి. ఇంట్లో ఎంతమంది ఉన్నారో రాయడానికి ఇంకో గడి పెట్టించండి, బిల్లు ఆ గడి చూసి వేయించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు